రైతుకి ఒకలా, ఆఫీసరుకి ఒకలా: ఒకే విషయాన్ని ఎలా రాస్తున్నారు?

వరిమడి:
అందరికీ నమస్తే. నేను అగ్రికల్చర్ బీఎస్సీ చేసి ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నాను. సగం పని పొలాల్లో, సగం కాగితం మీద. ఒకే విషయాన్ని రైతులకి కరపత్రంగా, మండల వ్యవసాయ అధికారికి నోట్‌గా, మాకు నిధులిచ్చే వాళ్లకి రిపోర్టుగా రాయాలి. ఇన్నాళ్లూ రిపోర్టు ముందు రాసేసి, అందులోంచే నాలుగు ముక్కలు తీసి మిగతా ఇద్దరికీ పంపేదాన్ని. టైం సరిపోక అలా అలవాటైపోయింది.

పోయిన ఖరీఫ్‌లో వరిలో కాండం తొలిచే పురుగు మీద, అదే రైతులు మొగి పురుగు అనేదాని మీద, కరపత్రం వేశాం. అందులో ఒక వాక్యం ఇది: "కాండం తొలుచు పురుగు నివారణకు క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. మందును హెక్టారుకు 150 మి.లీ. చొప్పున 500 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేయవలెను."

లెక్కలో తప్పు లేదు, వరికి సిఫార్సు చేసిన మోతాదే. కానీ మా ఊళ్లో ఒక పెద్దాయన ఆ కాగితం పట్టుకుని షాపుకి వెళ్లి, 150 మి.లీ. సీసా కొని, తన ఎకరం మడికి సీసా మొత్తం కొట్టేశాడు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు, కాబట్టి ఎకరానికి పడాల్సింది 60. రెండున్నర రెట్లు పడింది. నేను వెళ్లినప్పుడు జేబులోంచి ఆ కాగితం మడత విప్పి చూపించి "నువ్వు రాసిందే కదమ్మా కొట్టాను" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన శుభ్రంగా చదివాడు, షాపువాడికి చూపించాడు, సీసా మీద అంకె కూడా కలిసింది. ఆఫీసు కోసం రాసిన వాక్యాన్ని తెచ్చి నేనే ఆయన చేతిలో పెట్టాను.

మళ్లీ సీజన్ వస్తోంది. ఈసారి కరపత్రం కొత్తగా రాయాలి. రాయడం మీ పనిలో భాగమైతే, ఎవరికి రాస్తున్నామో దాన్ని బట్టి ఏమేం మారుస్తారో చెప్పండి. "సులభంగా రాయండి" అని అందరూ అంటారు, అది నాకు చాలట్లేదు.

మాగాణి:
చెల్లెమ్మా, రైతుగా చెప్తున్నాను. హెక్టారు అనే మాట మా నోట ఎప్పుడూ రాదు. మాది కోస్తా, ఎకరం, సెంట్లు. పొలంలో నిలబడ్డాక అది కూడా రాదు. అప్పుడు నా వీపున ఉండేది ట్యాంకు. ట్యాంకుకి ఎంత పొయ్యాలి, ఎకరానికి ఎన్ని ట్యాంకులు కొట్టాలి, ఈ రెండే నా ప్రశ్నలు. 16 లీటర్ల చేతిపంపుకి ఒక లెక్క, 20 లీటర్ల తైవాన్ పంపుకి ఇంకో లెక్క. రెండూ వేసేసి ఇవ్వండి. వీపున బరువు, ముక్కుకి గుడ్డ, చేతులకి మందు, ఆ టైంలో భాగహారం చెయ్యమంటే ఎవడు చేస్తాడు?

ఇంకోటి కూడా, తప్పుగా అనుకోవద్దు. మీ సంస్థల కాగితాలు ఏవి చూసినా మొదటి పేరా "వరి మన రాష్ట్రంలో పండించే ప్రధాన ఆహార పంట" అని ఉంటుంది. నలభై ఏళ్లుగా వరి వేస్తున్నోడికి అది ఎందుకు? ఆ ముక్క చూడగానే ఇది నాకు రాసింది కాదు అని తెలిసిపోతుంది, కాగితం మడిచి పెట్టేస్తాను. నాకు తెలియంది చెప్పండి, చాలు.

పీహెచ్‌సీ సిస్టర్:
వరిమడి గారూ, మీరు రాసింది చదివి నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. నాది ఓఆర్ఎస్ కథ. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, కలిపింది 24 గంటల్లోపు వాడేయాలి, మిగిలితే పారబోయాలి. నేను గోడ మీద పెద్ద పోస్టర్ అంటించాను. "అతిసార వ్యాధి సోకిన శిశువులకు జీవజల ద్రావణము" అని మొదలవుతుంది అది. తల్లులు దాని కిందే కూర్చుని, ఇంటికెళ్లి గ్లాసులో చిటికెడు పొడి వేసి కలిపేవాళ్లు. పొడి తక్కువైతే పని చెయ్యదు, నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై బిడ్డకే ప్రమాదం.

అక్షరం రాక అలా చేశారని అనుకున్నాను ముందు. ఒక టీచరమ్మ కూడా అలాగే చేసింది! అడిగితే, "బిడ్డ తాగేది రెండు స్పూన్లు, లీటరు కలిపితే వేస్టు కదా సిస్టర్" అంది. ఆమె మనసులో ఉన్న ప్రశ్నకి నా పోస్టర్‌లో జవాబే లేదు. అప్పటి నుంచి రాసే ముందు ఒకటి చూసుకుంటున్నాను: ఇది చదివేటప్పుడు ఆ మనిషి చేతిలో ఏముంది, మనసులో ఏ భయం ఉంది? చంకలో ఏడుస్తున్న బిడ్డ, చేతిలో ఒక ప్యాకెట్, పొడి వేస్టవుతుందేమో అన్న బెంగ. ఇప్పుడు కాగితం మీద ఇలా ఉంటుంది: "షాపులో దొరికే లీటరు వాటర్ బాటిల్ తీసుకోండి. నిండా కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. ప్యాకెట్ మొత్తం అందులో వేసేయండి, దాచుకోవద్దు. రేపు ఈ టైంకి మిగిలింది పారబోసి కొత్తది కలపండి."

జింక్ మాత్రలదీ ఇదే గొడవ. "14 రోజుల కోర్సు పూర్తి చేయవలెను" అని ఉండేది. మూడో రోజుకి తగ్గిపోగానే ఆపేసేవాళ్లు. తగ్గాక మాత్ర ఎందుకు అనుకోవడం సహజమే కదా. "మోషన్స్ ఆగిపోయినా 14 రోజులూ వేయండి" అని మార్చాను. మార్చింది ఒక్క ముక్కే, కానీ తల్లి ఎక్కడ ఆగిపోతోందో అక్కడే పెట్టాను. డాక్టరు గారికి రిపోర్టు రాసేటప్పుడు మాత్రం అతిసారం అనే రాస్తాను, వయసు, మోతాదు మిల్లీగ్రాముల్లో వేస్తాను. ఆయనకి అది కావాలి.

తెల్లకాగితం:
నేను తెలుగు పాఠం చెప్తాను, కాబట్టి కొంచెం ఎదురు మాట్లాడతాను. రైతుకి అర్థం కాదు, తల్లికి అర్థం కాదు అంటూ మనమే తీర్మానించేసుకుని ప్రతి మంచి మాటనీ తీసేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుంది? పిచికారీ అన్న మాట తెలియని రైతు ఉన్నాడా? మోషన్స్ అనే ఇంగ్లిష్ మాట ఎందుకు, విరేచనాలు అంటే ఎవరికి తెలియదు? పాఠకుణ్ణి బట్టి మారాలన్న పేరుతో పాఠకుణ్ణి తక్కువ చేస్తున్నామేమో ఆలోచించండి. నా పిల్లలకి నేను కష్టమైన మాట వాడి, పక్కనే అర్థం చెప్తాను. అలా కదా భాష నిలబడేది.

రాత్రి డెస్క్:
మాస్టారూ, మీ బెంగ నాకు అర్థమైంది, కానీ బడి వేరు, పొలం వేరు. మీ విద్యార్థి రేపు కూడా మీ దగ్గరికి వస్తాడు, అర్థం కాకపోతే అడుగుతాడు. కరపత్రం ఎవరినీ అడగనివ్వదు.

పత్రికలో డెస్క్ మీద పని చేస్తాను. ఒకే వార్త రెండు ప్రాంతాల ఎడిషన్లకి వెళ్తుంటే మాటలు మార్చడం మాకు రోజూ ఉండేదే. కోస్తాలో "ధాన్యం" అని రాసింది తెలంగాణలో "వడ్లు" అవుతుంది. "తూకం వేయలేదు" అనే దానికి అక్కడి రైతు నోట వచ్చే మాట "కాంటా కాలేదు". ఈ రెండింటిలో ఏదీ తక్కువ తెలుగు కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లాలు తిరిగి సేకరించిన వ్యవసాయ పదాలతో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం వేసింది, ఒక్కో పనిముట్టుకి ఊరూరా ఎన్ని పేర్లున్నాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మనం "ప్రామాణికం" అనుకుని రాసే మాట వాటిలో ఒకటి మాత్రమే.

గిడుగు రామమూర్తి గారిని ఏటా ఆగస్టు 29న తలుచుకుని దండ వేసేస్తాం. ఆయన వాడుక భాష కోసం పోరాడారని అందరం చెప్తాం గానీ, అంతకు ముందు ఆయన చేసిన పని నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర గిరిజనుల పిల్లలకి చదువు చెప్పాలనుకుని, వాళ్లని తెలుగులోకి లాక్కురాకుండా, తానే సవర నేర్చుకుని ఆ భాషలో పుస్తకాలు రాశారు. పాఠకుడు ఎక్కడున్నాడో అక్కడికి తానే నడిచి వెళ్లడం అంటే అది.

ఇక టెక్నిక్ అడిగారు కాబట్టి నాది ఒకటే. రాసిన వాక్యం పైకి చదువుతాను. మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే రెండు ముక్కలు చేస్తాను. హెక్టారు వాక్యం చదివి చూడండి, క్రియ వచ్చేసరికి పురుగు పేరు మర్చిపోతాం.

చెలక:
అక్కా, మాది కరీంనగర్ దిక్కు. రెండు విషయాలు చెప్తాను. మొదటిది, మందు. మా ఊళ్లో యూరియా బస్తాని కూడా "మందు బస్తా" అనే అంటారు. "పొలానికి మందు వేశావా" అంటే ఎరువు అనే అర్థం. పురుగుమందు అయితే "కొట్టడం", ఎరువు అయితే "చల్లడం". గుళికలు పురుగుకే అయినా అవీ చల్లేవే! కాబట్టి మీరు ఉత్త "మందు" అని రాసి వదిలేస్తే సరిపోదు, కొట్టేదా చల్లేదా అన్నది తప్పకుండా ఉండాలి. అలాగే మాకు ఎకరానికి 40 గుంటలు, సెంట్లు ఉండవు. అర ఎకరం అని రాస్తే అందరికీ సరిపోతుంది, 50 సెంట్లు అంటే మాకు ఆలోచించాల్సి వస్తుంది.

రెండోది నాకు చాలా రోజులుగా మనసులో ఉన్న మాట. మీ కరపత్రం పైన "రైతు సోదరులకు విజ్ఞప్తి" అని ఉందా? దాదాపు అన్నిటి మీదా ఉంటుంది. మా అమ్మ ఇరవై ఏళ్లుగా నాట్లు వేస్తోంది, మా పొలంలోనూ, కూలికీ. ఆమె కొద్దిగా చదవగలదు. ఒకసారి అలాంటి కాగితం చూసి "నాయినకి ఇయ్యి" అని పక్కన పెట్టేసింది. అందులోనే నారు కొనలు తుంచి నాటమని ఉంది. కొనల మీద పురుగు గుడ్లు పెడుతుంది కాబట్టి తుంచితే గుడ్లు పొలంలోకి రావు, పైసా ఖర్చు లేని పని. కానీ మా దగ్గర నారు కట్టలు పట్టుకునేది ఆడవాళ్లు. ఆ కొనలు తుంచాల్సిన చేతులు మా అమ్మవి, కాగితమేమో సోదరులకి రాశారు. నాయిన చదివాడు, అమ్మకి చెప్పలేదు. అంతే అయిపోయింది.

వరిమడి:
చెలక చెల్లీ, నా కరపత్రం తీసి చూశాను. మొదటి లైను అదే, "రైతు సోదరులకు". నేను ఆడదాన్ని అయ్యుండీ అలా రాశాను, అలవాటుగా చేయి రాసేసింది. ఈసారి అది పోతుంది.

ఇలాంటిదే ఇంకోటి ఉంది. రెక్కల పురుగులని పట్టే ఫెరమోన్ ట్రాప్స్‌కి వ్యవసాయ పుస్తకాల్లో "లింగాకర్షక బుట్టలు" అని రాస్తారు. నేనూ రాశాను. మహిళా సంఘం మీటింగులో ఆ కాగితం ఒకామె గట్టిగా చదువుతూ ఆ మాట దగ్గర ఆగిపోయింది. అందరూ తల దించుకున్నారు. తర్వాత బుట్టల గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అదే మాట అధికారి నోట్‌లో ఉంటే ఎవరికీ ఏమీ అనిపించదు. ఇప్పుడు "రెక్కల పురుగుల బుట్ట" అంటున్నాను, అడిగితే ఎలా పని చేస్తుందో విడమరిచి చెప్తున్నాను.

తెల్లకాగితం గారూ, పిచికారీ విషయంలో మీరన్నది నిజం. ఆ మాట మార్చక్కర్లేదు, "చేయవలెను" మార్చితే చాలు.

పాత తాసీల్:
రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. రైతు గురించి అందరూ చెప్పారు, అవతలి వైపు కూర్చున్న వాడి సంగతి నేను చెప్తాను అమ్మా. ఆఫీసరు కూడా పాఠకుడే, అతని ముందూ ఒక పరిస్థితి ఉంటుంది.

సోమవారం అర్జీలు తీసుకునే రోజు టేబుల్ మీద కట్ట పడుతుంది. ఒక్కో అర్జీకి నిమిషం దొరికితే గొప్ప. చాలామంది "తమరి దివ్య సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టి తాతగారి కాలం నుంచి రాసుకొస్తారు, సర్వే నంబరు రెండో పేజీలో, ఏం కావాలో ఆఖరి లైన్లో. నేను ముందు ఆఖరి లైను చదివేవాణ్ణి, తర్వాత సర్వే నంబరు కోసం వెతికేవాణ్ణి. ఊరు, సర్వే నంబరు, ఏం జరిగింది, ఏం చేయమంటున్నారు, ఈ నాలుగూ మొదటి ఐదు లైన్లలో ఉన్న అర్జీ ఆ రోజే కదిలేది. దాని అర్థం మర్యాద వద్దని కాదు. "ఆర్యా" అని ఒక్క మాట చాలు, మిగతా మర్యాద అవతలి మనిషి టైం మిగల్చడంలో ఉంటుంది. అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది, అయినా మా ఆఫీసు తెలుగు ఇంగ్లిష్ వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినట్టే ఉండేది. "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" అని నేనూ వేల సార్లు రాశాను. ఎవరు సమర్పించారో, ఎవరు చర్య తీసుకోవాలో అందులో ఎక్కడా ఉండదు. వ్యవసాయ అధికారికి రాసేటప్పుడు అలా రాయకు. "మూడు ఊళ్లలో ఇన్ని ఎకరాలు చూశాం, ఇంత శాతం ఉంది, ఈ వారంలో మీరు ఒకసారి రావాలి" అని రాయి.

డాలస్ పలక:
వారానికోసారి ఇక్కడి పిల్లలకి తెలుగు చెప్తాను, మీ అంత పెద్ద విషయం కాదు కానీ ఒకటి. మా పిల్లలు ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడతారు, నాగలి, మడి, చెలక మాత్రం తెలియవు. తేలికగా ఉంటుందని అలాంటి మాటలన్నీ తీసేసి పాఠం రాస్తే, అమ్మమ్మ ఫోన్లో "మడిలో నీళ్లు లేవురా" అన్నప్పుడు వాడికి అర్థం కాలేదు. ఇప్పుడు కథలో మడి ఉంటుంది, పక్కన బొమ్మ ఉంటుంది. కాబట్టి తెల్లకాగితం గారితో నేను సగం ఏకీభవిస్తాను. బడిలో మాట నేర్పాలి. మందు కొట్టే రోజు మాత్రం కాదు.

వరిమడి:
అందరి మాటలూ ముందు పెట్టుకుని నిన్న రాత్రి మళ్లీ రాశాను. అధికారి నోట్‌లో "5 శాతం పిలకల్లో మొవ్వు చనిపోయిన లక్షణాలు" అనే ఉంటుంది, అది ఆయన భాష, ఆయన లెక్క. కరపత్రం మాత్రం ఇలా:

"వరి వేసే అన్నలకీ అక్కలకీ. నారు కట్టలు కట్టేటప్పుడే కొనలు తుంచేయండి. పురుగు గుడ్లు ఆ కొనల మీదే ఉంటాయి.

నాటాక మడిలోకి దిగి చూడండి. మొగి పురుగు తిన్న మొవ్వు ఎండిపోయి, పట్టుకుని లాగితే చేతికి ఊడి వస్తుంది. 20 పిలకల్లో ఒకటి అలా ఉంటే మందు కొట్టే టైం వచ్చినట్టు. అంతకంటే తక్కువుంటే ఆగండి, డబ్బు మిగులుతుంది.

ఎకరానికి క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. 60 మి.లీ. సీసా ఒకటి చాలు. 150 సీసా కొనొద్దు, అది రెండున్నర ఎకరాలకి. 16 లీటర్ల ట్యాంకుకి 5 మి.లీ., ఎకరానికి 12 ట్యాంకులు. 20 లీటర్ల పంపు అయితే 6 మి.లీ., 10 ట్యాంకులు. 5 మి.లీ. కొలవడానికి మెడికల్ షాపులో సూది లేని సిరంజి దొరుకుతుంది."

మందు పేరు మాత్రం మార్చలేదు. పలకడం కష్టమే, కానీ షాపులో సీసా మీద అదే ఉంటుంది, అక్షరం అక్షరం కలిపి చూసుకోవాలి.

మాగాణి:
ఇప్పుడిది నా కాగితం. "కొనొద్దు, అది రెండున్నర ఎకరాలకి" అన్నది బాగా పెట్టారు. లెక్క కూడా కుదిరింది, 12 ఐదులు 60. "డబ్బు మిగులుతుంది" చూసి నిజంగా ఆగుతాడు రైతు. మందు కొట్టొద్దు అని చెప్పే కాగితం నేను ఇంతవరకూ చూడలేదు.

ఒక్కటి చేర్చండి. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది కదా, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అన్నిటికంటే విషం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. చాలామంది అది కంపెనీ గుర్తు అనుకుంటున్నారు. మందు ఏదైనా ఆ గుర్తు చూసుకోమని ఒక లైను వేయండి.

పీహెచ్‌సీ సిస్టర్:
వరిమడి గారూ, అంతా బాగుంది, కానీ ఆ సిరంజి లైను దయచేసి తీసేయండి. మా దగ్గర తల్లులు చిన్నపిల్లలకి సిరప్ పట్టేది అలాంటి సిరంజితోనే. మడి నుంచి ఇంటికి తెచ్చి, కడిగి, చూరులో గుచ్చి పెడతారు. రాత్రి పూట బిడ్డకి జ్వరం వస్తే చేతికి అందేది అదే. కరపత్రం రైతు ఒక్కడే చదవొచ్చు, సిరంజి మాత్రం ఇంట్లో అందరి చేతికీ వస్తుంది.

తెల్లకాగితం:
సిస్టర్ చెప్పింది చదివాక నా మొదటి మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. నేను మాట గురించే ఆలోచించాను, మాట ఏ ఇంట్లోకి వెళ్తుందో ఆలోచించలేదు. వరిమడి గారూ, భాష గురించి ఒకే సూచన: "మందు కొట్టే టైం వచ్చినట్టు" తర్వాత వచ్చే "అంతకంటే తక్కువుంటే ఆగండి" అన్నది విడిగా, పెద్ద అక్షరాల్లో వేయండి. మిగతాది ఒక్క అక్షరం కూడా మార్చొద్దు, మంచి తెలుగు అది.

వరిమడి:
సిస్టర్, వందసార్లు థ్యాంక్స్. నాకు అసలు తట్టలేదు. సిరంజి తీసేశాను.

ఈ రోజు పొద్దున ప్రింటుకి ఇవ్వకుండా నారుమడి దగ్గరికి తీసుకెళ్లాను. కట్టలు కడుతున్న ఒకామెని గట్టిగా చదవమన్నాను. కొనలు తుంచే లైను చదివి, అక్కడికక్కడే ఒక కట్ట పైభాగం వేళ్లతో తుంచి "ఇంతేనా?" అని చూపించింది. ట్యాంకు లైను దగ్గర మాత్రం ఆగి, "5 అంటే ఏ మూతతో?" అని అడిగింది. సీసా మూతలు ఒక్కో కంపెనీవి ఒక్కో సైజు మరి. అందుకే గీతలున్న కొలత గ్లాసులు మేమే కొని, ఒక్కో గ్లాసుకి 5 దగ్గరా 6 దగ్గరా ఎర్ర గీత గీసి, పురికొసతో ట్యాంకు పట్టీకి కట్టి ఇద్దామనుకుంటున్నాం. కాగితంలో ఆ లైను ఇప్పుడు ఇలా ఉంది: "ట్యాంకుకి కట్టిన గ్లాసుతోనే కొలవండి. గ్లాసు ట్యాంకుతోనే ఉండాలి, ఇంట్లోకి తేవొద్దు."

150 సీసా కొట్టిన పెద్దాయనకి సాయంత్రం తీసుకెళ్లి చూపిస్తాను. ఆయన సరే అన్నాకే ప్రెస్‌కి.